లావొక్కింతయు లేదు: గణాలు కుదిరాయి, మరి మూడ్ ఎక్కడుంది?

కొత్తపాఠకుడు:
అందరికీ నమస్కారం. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా ఎమ్మే తెలుగు కడుతున్నా, పక్కన కూర్చుని అడగడానికి ఎవరూ లేరు అందుకే ఇక్కడ అడుగుతున్నా. ఒక పద్యం తీసుకుని దాని రూపం, ఛందస్సు, మూడ్ (ప్రశ్నలో భావస్థితి అన్నారు) విశ్లేషించి రెండు పేజీలు రాయాలి. నేను పోతన గజేంద్రమోక్షంలోది తీసుకున్నా, చిన్నప్పట్నుంచీ నోటికొచ్చిన పద్యం కదా సులువుగా అయిపోతుందనుకున్నా.

లా వొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యెఁ, బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను; మూర్ఛ వచ్చెఁ; దనువున్ డస్సెన్; శ్రమంబయ్యెడిన్;
నీవే తప్ప నితఃపరం బెఱుఁగ; మన్నింపందగున్ దీనునిన్;
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!

నేను రాసింది ఇంతే. వృత్తం శార్దూలం, గణాలు (అక్షరాల గుంపులు) మ స జ స త త గ, పాదానికి 19 అక్షరాలు, యతి 13వ అక్షరం, ప్రాస వ, రసం కరుణ. ఐదు లైన్లలో అయిపోయింది, మిగతా పేజీన్నర ఏం రాయాలో తెలీట్లేదు. పైగా నా దగ్గరున్న గైడులో శార్దూలం వీరానికీ గంభీరమైన విషయాలకీ బాగుంటుందని రాశారు, ఇక్కడేమో ఏనుగు ప్రాణం పోతోందని ఏడుస్తోంది, ఇదెలా కుదురుతుంది? ఇంకో డౌటు, మొదటి పాదంలో నాకు ఐదో గణం త రావట్లేదు, లం బ య్యె మూడూ గురువులే (రెండు మాత్రలు పట్టే బరువైన అక్షరాలు) వస్తున్నాయి. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి ప్లీజ్.

గురులఘువు:
ముందు చిన్న డౌటు తీర్చేస్తా. మీరు య్యె పక్కన బ్రా చూసి, సంయుక్తాక్షరం ముందు అక్షరం గురువు అవుతుంది కాబట్టి య్యె ని గురువు చేశారు, అవునా? ఆ రూలు ఒకే మాటలోనో ఒకే సమాసంలోనో ఉన్నప్పుడే. విలోలంబయ్యె అనే మాట అక్కడితో అయిపోయింది, బ్రాణంబులు వేరే మాట, తెలుగులో వేరే మాట మొదట్లో ఉన్న సంయుక్తం వెనక మాట చివరి అక్షరాన్ని బరువు చెయ్యదు. అంచేత య్యె లఘువే, అంటే ఒక్క మాత్ర పట్టే తేలిక అక్షరం. విడదీసి చూడండి:

లావొక్కిం / తయులే / దుధైర్య / మువిలో / లంబయ్యె / బ్రాణంబు / లున్

మ, స, జ, స, త, త, గ. సరిపోయింది కదా. మిగతా మూడు పాదాలూ ఇలాగే చేతో రాసి విడదీయండి, కంటితో చూసి వదిలేస్తే అలవాటు కాదు. నాలుగో పాదంలో భద్రాత్మకా దగ్గర మాత్రం భ గురువే, ఎందుకంటే ద్రా అదే మాటలో ఉంది. ఒక్క పద్యంలోనే రూలు వర్తించే చోటూ వర్తించని చోటూ రెండూ దొరికాయి మీకు, జవాబులో ఇది కూడా ఒక ముక్క రాయొచ్చు.

కొత్తపాఠకుడు:
అర్థమైంది, చాలా థాంక్సండీ, రెండ్రోజుల్నుంచి దీని మీదే కూర్చున్నా. యతి గురించి కూడా ఒక మాట అడగనా. యతి అంటే విరామం అని చదివా, మరి 13వ అక్షరం దగ్గర ఆగితే విలో... లంబయ్యె అని మాట మధ్యలో తెగిపోతోంది. మూడో పాదంలో కూడా మ... న్నింపందగున్. ఇలా చదవాలా నిజంగా?

గురులఘువు:
వద్దు వద్దు, అలా చదవకండి. విరామం అనేది సంస్కృతంలో యతి. అక్కడ శార్దూలానికి 12 అక్షరాల తర్వాత ఆగాలి, మాట కూడా అక్కడ తెగాలి. తెలుగులో యతి అంటే వడి, అంటే పాదం మొదటి అక్షరానికీ 13వ అక్షరానికీ సామ్యం ఉండాలి అంతే, అక్కడ ఆగాలని లేదు. లా కి లం, ఠా కి డ, నీ కి న్ని, రా కి ర. రెండో పాదంలో ఠా కీ డ కీ ఎలా కుదిరిందంటే ట ఠ డ ఢ ఒకే వర్గం కాబట్టి చెల్లుతుంది. నాలుగు పాదాల్లో ఒక్క రెండో పాదంలోనే యతి అక్షరం మాట మొదట్లో పడింది (డస్సెన్), మిగతా మూడు చోట్లా మాట కడుపులో ఉంది. చెవికి మాత్రం ఆ పోలిక తగులుతూనే ఉంటుంది, పైకి గంట కొట్టినట్టు కాకుండా లోపల్నుంచి.

పల్లకీ:
గైడు రాసినదాన్ని అంత తేలిగ్గా కొట్టిపారెయ్యకండి. వృత్తానికి తనదైన నడక ఉంటుంది, ఆ నడకకి తనదైన మూడ్ ఉంటుంది, నేను గట్టిగా నమ్ముతా. లెక్క చూడండి, శార్దూలంలో 19 అక్షరాల్లో 11 గురువులు, 8 లఘువులు. చంపకమాలలో 21 కి 7 గురువులే, 14 లఘువులు, అది గలగలా పరిగెడుతుంది. ఉత్పలమాలలో 20 కి 8. అన్నిట్లోకీ శార్దూలమే బరువు, అందులోనూ మొదలే మూడు గురువులు, లా వొ క్కిం, మూడు అడుగులు ఈడ్చుకుంటూ వేసినట్టుంటుంది. అలిసిపోయి నీళ్ళలో కాలు కదపలేని ఏనుగు మాట్లాడాలంటే ఈ వృత్తమే కావాలి. పోతన చంపకమాలలో రాసుంటే ఈ ఎఫెక్టు వచ్చేదా చెప్పండి. కాబట్టి కొత్తపాఠకుడు గారూ, గంభీరం అన్న మాట తప్పు కాదు, బరువు అని రాయండి చాలు.

మాటలమూట:
పల్లకీ గారూ, లెక్క కరెక్టే, మొదటి మూడు గురువుల గురించి చెప్పింది కూడా బాగుంది. కానీ ముగింపు నాకు ఒప్పుదల కాలేదు. భాగవతం మొట్టమొదటి పద్యం తీసుకోండి, శ్రీకైవల్య పదంబుఁ జేరుటకునై చింతించెదన్, అదీ శార్దూలమే, అవే మూడు గురువులు, శ్రీ కై వ. అక్కడ ఎవరూ కాళ్ళు ఈడ్వట్లేదు, ఎంతో నెమ్మదిగా కుదురుగా దణ్ణం పెడుతున్నాడు. గురువులన్నీ అవే చోట్ల ఉండి మూడ్ ఇంత మారిందంటే మూడ్ గురువుల్లో లేదన్నమాట, ఇంకెక్కడో ఉంది.

ఎక్కడుందో నాకు తోచింది చెప్తా. వృత్తం ఒక నడక నడుస్తుంది, దాని మీద వాక్యం తన నడక తను నడుస్తుంది. ఆ రెండూ కలిసి అడుగేస్తే ఒక మూడ్, పోట్లాడుకుంటే ఇంకో మూడ్. శ్రీకైవల్యలో చూడండి, పదంబుఁ జేరుటకునై అనేది సరిగ్గా 12 అక్షరాల దగ్గర ముగుస్తుంది, 13వ అక్షరం చింతించెదన్ లో చిం, యతి దగ్గరే మాట మొదలైంది. యతి పడే చోటికే అర్థం కూడా ఆగింది, అందుకే ఆ లైను చదివితే మనసు కుదుటపడుతుంది.

లావొక్కింతయు లో అలా ఎక్కడ ఆగగలరు? ఏడో అక్షరం దగ్గర ఒక వాక్యం అయిపోయింది, లావొక్కింతయు లేదు. తర్వాతది 15వ అక్షరం దగ్గర. యతి 13 దగ్గర వస్తుంది, అక్కడ వాక్యం ఇంకా నడుస్తోంది. వృత్తం గుర్తు పెట్టిన చోట ఏనుగు ఆగట్లేదు, అనుకోని చోట ఆగిపోతోంది.

నిన్న రాత్రి పెన్సిల్ పెట్టి మొదటి రెండు పాదాల్లో వాక్యాల పొడవు లెక్కపెట్టా. లావొక్కింతయు లేదు 7 అక్షరాలు. ధైర్యము విలోలంబయ్యె 8. ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను 9. మూర్ఛ వచ్చె 4. తనువున్ డస్సెన్ 5. శ్రమంబయ్యెడిన్ 5. మొత్తం 38, రెండు పాదాలూ సరిగ్గా నిండాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది అని కొంచెం కొంచెం కూడదీసుకుని మాట్లాడిన గొంతు, ప్రాణాలు చోటు తప్పాయి అనగానే ఒక్కసారి నాలుగుకి పడిపోయింది. తర్వాత ఐదు దాటలేదు. రొప్పుతున్న మనిషి మాట్లాడితే ఇలాగే ఉంటుంది కదా.

కొత్తపాఠకుడు:
మీరు చెప్పాక మళ్ళీ పైకి చదివితే ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళు ఒకే ఊపులో చదివేసేవాణ్ణి, ఆరు వాక్యాలున్నాయని కూడా ఎప్పుడూ గమనించలేదు.

మాటలమూట:
ఇంకోటి ఉంది, అసలు నాకు ఈ పద్యంలో ప్రాణం అదే. పాదాల చివర్లు చూడండి. రెండో పాదం శ్రమంబయ్యెడిన్ తో వాక్యం ముగిసింది. మూడోది దీనునిన్ తో ముగిసింది. నాలుగోది ఎలాగూ ఆఖరు. ఒక్క మొదటి పాదం మాత్రమే వాక్యం పూర్తి కాకుండా అంచు దాటి కింద పాదంలోకి జారింది. ఏ వాక్యం జారింది? ప్రాణంబులున్, తర్వాత పాదం మారాక ఠావుల్ దప్పెను. ఠావు అంటే చోటు. ప్రాణాలు చోటు తప్పాయి అనే వాక్యమే తన చోటు తప్పి కింద పాదంలో పడింది. మొత్తం పద్యంలో జారిన మాట ఇదొక్కటే. ప్రాస కోసం వ అక్షరం ఉన్న మాట కావాలి కాబట్టి ఠావుల్ తెచ్చాడు అని ఎవరైనా అంటే అనొచ్చు, కావచ్చు కూడా, కానీ వచ్చిన మాట ఎక్కడ పడిందో చూడండి.

నీలిసిరా:
నేను వచన కవితలు రాస్తా, పద్యాల జోలికి పెద్దగా వెళ్ళను, కానీ ఈ పోస్ట్ చదివి ఆగిపోయా. లైను ఎక్కడ విరవాలి అనేదే మా రోజూ గొడవ, ఛందస్సు లేదు కాబట్టి మా చేతిలో ఉన్న పనిముట్టు అదొక్కటే. మేము లైను ఎక్కడ కావాలంటే అక్కడ విరుస్తాం. ఈయనకి 19 దగ్గర విరిగి తీరాలి, తప్పించుకునే దారి లేదు, అయినా ఆ తప్పనిసరి విరుపునే అర్థానికి వాడుకున్నాడు. కొత్తపాఠకుడు గారూ రూపం అనే హెడ్డింగ్ కింద మీరు రాయాల్సింది ఇదే, గణాల పట్టిక కాదు.

తంబుర:
నేను పద్యాలు పాడతాను, స్టేజీ మీద నేర్చుకున్నా. మాకు నేర్పించేటప్పుడు పాదం చివర రాగం తియ్యాలని చెప్తారు, నేనూ ఇన్నేళ్ళు ప్రాణంబులున్ దగ్గర ఆగి రాగం తీసి, జనం చప్పట్లు కొట్టాక ఠావుల్ దప్పెను ఎత్తుకునేవాణ్ణి. మాటలమూట గారు చెప్పింది చదివాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి చదువు రాదు, గజేంద్రమోక్షం పద్యాలు మాత్రం వరసపెట్టి నోటికొచ్చు, సాయంత్రం దీపం పెట్టాక చెప్పుకునేది. ప్రాణంబులున్ దగ్గర ఆగేది కాదు. ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను అని ఒకే ఊపిరిలో వెళ్ళి అక్కడ ఆగేది, ఆగి ఊపిరి తీసుకునేది, తర్వాత మూర్ఛ వచ్చె అని గొంతు తగ్గించి అనేది. నేను స్టేజీ పాట నేర్చుకుని వచ్చి, అమ్మమ్మా నువ్వు పాదం తప్పు విరుస్తున్నావ్ అని చెప్పా ఒకసారి. ఆవిడేం అనలేదు. ఆవిడ ఛందస్సు పేరు కూడా విని ఉండదు, పద్యం మాత్రం ఆవిడకే సరిగ్గా తెలుసు. ఇప్పుడు చెప్దామంటే లేదు.

పల్లకీ:
తంబుర గారూ మీ పోస్ట్ చదివి చాలాసేపు ఏం రాయాలో తెలీలేదు. కానీ ఒక్క మాట. పాదం చివర అస్సలు ఆగకపోతే జారడం కూడా తెలీదు కదా. అంచు ఉందని చెవికి తెలిస్తేనే అంచు దాటినట్టు తెలుస్తుంది. లున్ అని గురువుతో, పొల్లు నకారంతో ముగుస్తుంది, అక్కడ సహజంగానే గొంతు ఒక్క క్షణం నిలబడుతుంది, రాగం అక్కర్లేదు, ఆ చిన్న నిలుపు చాలు. మీ అమ్మమ్మగారు కూడా ఆ పాటి నిలుపు ఇచ్చే ఉంటారని నా నమ్మకం.

తంబుర:
అవును, ఇచ్చేది. లున్... ఠావుల్, మధ్యలో ఊపిరి తియ్యకుండా చిన్న నొక్కు. మీరన్నాక చెవిలో వినిపించింది.

పల్లకీ:
మాటలమూట గారూ, మీరు శ్రీకైవల్య చూపించాక నా మాట కొంచెం సవరించుకుంటున్నా. వృత్తమే మూడ్ ఇస్తుందని ఇక అనను. ఏ మూడ్ కైనా చోటిస్తుంది, కొన్నిటికి ఎక్కువ చోటు ఇస్తుంది, ఇలా అంటే ఒప్పుకుంటారా? చంపకమాలలో ఈ రొప్పు రాదనే ఇప్పటికీ అంటా.

గురులఘువు:
పల్లకీ గారు చంపకమాల అన్నారు కాబట్టి, దానికంటే దగ్గరి చుట్టం ఒకటుంది, మత్తేభం, అది చూద్దాం. శార్దూలంలో మొదటి గురువుని తీసేసి ఆ చోట రెండు లఘువులు పెట్టండి, మిగతా 18 అక్షరాలూ తాకకండి. మత్తేభం వచ్చేస్తుంది, స భ ర న మ య వ. అందుకే అది 20 అక్షరాలు, యతి కూడా ఒకటి జరిగి 14. మాత్రలు లెక్కేస్తే రెండూ 30. ఉత్పలమాలకీ చంపకమాలకీ కూడా ఇదే చుట్టరికం, రెండూ 28 మాత్రలు.

ఇప్పుడు గజేంద్రమోక్షంలోనే రెండు మత్తేభాలు పక్కపక్కన పెట్టండి.

అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా
పల మందారవనాంతరామృత సరః ప్రాంతేందు కాంతోపలో
త్పల పర్యంక రమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వల నాగేంద్రము పాహిపాహి యనఁ గుయ్యాలించి సంరంభియై

ఇందులో వాక్యాలు ఎన్ని? ఒక్కటి. ఆ ఒక్కటి కూడా ముగియలేదు, సంరంభియై అని అసమాపకంగా వదిలేశాడు. ఎక్కడో దూరంగా అల అని మొదలెట్టి, ఊరు, ఊళ్ళో నగరు, నగరులో ఒక మూల సౌధం, దాని పక్కన వనం, వనంలో సరస్సు, సరస్సు ఒడ్డున చంద్రకాంత శిలల దగ్గర కలువల పాన్పు అని లోపలికి లోపలికి తీసుకెళ్తాడు, ఎక్కడా ఆగనివ్వడు. పాదం అంచు వచ్చిన ప్రతిచోటా మాట మధ్యలోనే తెగుతుంది. దా/పల, లో/త్పల, వి/హ్వల. విహ్వల అన్న మాటే చెదిరి రెండు పాదాల్లో పడింది చూశారా.

రెండోది సిరికిం జెప్పఁడు. అదే మత్తేభం, అవే గణాలు. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, చక్కనొత్తడు, వీడడు, ఆరు కాదులు. ఒక్కో కాదు దగ్గరా విష్ణువు ఒక్కో పని వదిలేసి పరిగెడుతున్నాడు. మొదటిది కెమెరా మెల్లగా లోపలికి వెళ్ళినట్టుంటే రెండోది గుమ్మం దాటి దూకినట్టుంటుంది. వృత్తం ఒకటే, కాబట్టి వృత్తం వల్ల మూడ్ రాలేదు అన్నదానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.

కొత్తపాఠకుడు:
అల వైకుంఠ యతి దగ్గర నాకు ఎప్పుడూ డౌటే. అ కి నా ఎలా కుదురుతుంది?

గురులఘువు:
నగరిలోన్ ఆ మూల. ఆ నకారం నగరిలోన్ ది, కింద ఉన్న అచ్చు ఆ మూల లోది. అ కీ ఆ కీ యతి. రాసేటప్పుడు కలిసిపోయి నా అయింది, విడదీసి వినండి.

నీలిసిరా:
ఇంకో పక్కనుంచి చూస్తే, ఏనుగు మొర ముక్కలు ముక్కలుగా ఉంది, దానికి జవాబుగా వచ్చే అల వైకుంఠ ఒకే గుక్కలో సాగింది. ముక్కలైన గొంతుకి తెగని వాక్యం జవాబు. రెండు పద్యాల్నీ కలిపి చదివితేనే ఇది తెలుస్తుంది, విడివిడిగా పరీక్షల్లో ఇచ్చేసి మనకి ఇది పోగొట్టారు.

మాటలమూట:
ఎంత బాగా చెప్పారు. కొత్తపాఠకుడు గారూ దీన్ని మాత్రం వదలకండి.

పల్లకీ:
రసం సంగతి ఎవరూ మాట్లాడలేదు. కరుణ అని రాశారు ఆయన, నాకు అది నప్పట్లేదు. కరుణకి స్థాయి (నిలకడగా ఉండే భావం) శోకం, శోకం అంటే పోయింది ఇక రాదు అనే స్థితి. ఇక్కడ ఇంకా పోలేదు, రావే అని పిలుస్తున్నాడు, వస్తాడన్న ఆశ ఉంది. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన 33 సంచారి (వచ్చిపోయే) భావాల్లో శ్రమ ఒకటి, దైన్యం ఒకటి. పద్యంలో చూడండి, శ్రమంబయ్యెడిన్, దీనునిన్, రెండూ పేరు పెట్టి మరీ ఉన్నాయి. ఈ రెండూ భక్తి వైపు నడుస్తున్నాయి. కరుణ అని ఒక్క మాటలో తేల్చేస్తే ఈ నడక పోతుంది.

గురులఘువు:
సబబే. అయితే మార్కులు వేసేవాళ్ళు కరుణ అని ఆశిస్తే ఈయన ఇరుకున పడతాడు, అందుకని కరుణలా మొదలై శరణాగతి దగ్గర తేలుతుంది అని కారణంతో సహా రాయమనండి. కారణం చూపిస్తే ఎవరూ కాదనరు.

ఈ మొరకి కొంచెం ముందు వచ్చే కందం కూడా చూసుకోండి, భావం ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చిందో తెలుస్తుంది.

కలఁ డందురు దీనుల యెడఁ
గలఁ డందురు పరమయోగి గణముల పాలం
గలఁ డందు రన్నిదిశలను
గలఁడు గలం డనెడివాఁడు గలఁడో లేఁడో

కలడు అన్న మాట ఆరుసార్లు, లేడు ఒక్కసారి, అదీ ఆఖర్న. కందంలో రెండో పాదం, నాలుగో పాదం గురువుతోనే ముగియాలని నియమం. ఆ గురువు ఇక్కడ డో మీద పడింది, అనుమానం సాగిపోయి గాల్లో అలాగే ఉండిపోతుంది. ఇది రూలు కోసం పెట్టిన గురువులా ఉందా మీకు? ఇక్కడ ఉన్నాడో లేడో అన్నవాడే అక్కడ నీవే తప్ప ఇంకేం ఎరగను అంటాడు. ఎఱుఁగ అంటే ఎరగను అని, కొంతమంది ఎరుగుము అన్నట్టు అర్థం రాస్తున్నారు, అది తప్పు, జాగ్రత్త.

కొత్తపాఠకుడు:
నేను అదే తప్పు రాశానండీ, ఇప్పుడే కొట్టేశా.

సరే, మీ అందరి మాటలూ పెట్టుకుని పొద్దున్నించి మళ్ళీ రాశా, కొంచెం చూడండి. పట్టికలు మొదటి అరపేజీలో ముగించా. తర్వాత యతి తెలుగులో విరామం కాదు అని ఒక ముక్క. తర్వాత వాక్యాల పొడవు 7, 8, 9, 4, 5, 5 అని రాసి అది రొప్పు అని చెప్పా. తర్వాత ప్రాణంబులున్ జారడం. తర్వాత శ్రీకైవల్యతో పోలిక, గైడులో మాట ఎందుకు సరిపోదో. రసం దగ్గర పల్లకీ గారి మాట నా మాటల్లో రాశా. రెండు పేజీలు మూడున్నర అయ్యాయి, ఏది తీసెయ్యాలో తెలీట్లేదు.

మాటలమూట:
పట్టిక తీసెయ్యండి. ఒక్క పాదం విడదీసి చూపిస్తే మిగతావి మీకొచ్చని తెలిసిపోతుంది. క్రియల కాలాలు ఒకసారి చూడండి, లేదు, అయ్యె, తప్పెను, వచ్చె, డస్సెన్, ఇవి జరిగిపోయినట్టు చెప్పి ఆఖర్న శ్రమంబయ్యెడిన్ అంటాడు, అంటే అవుతోంది, ఇప్పుడు కూడా. ఒక్క లైన్లో పెట్టేయొచ్చు.

తంబుర:
నాలుగో పాదం గురించి ఏం రాయలేదేంటి? పాడేవాళ్ళకి అసలు కష్టం అక్కడే. మూడు పాదాలు తగ్గించుకుంటూ వచ్చి అక్కడ గొంతు ఎత్తాలా వద్దా అని ఎప్పుడూ సందేహమే నాకు. ఎత్తితే ఓపిక లేనివాడు ఎలా ఎత్తుతాడు అనిపిస్తుంది, ఎత్తకపోతే పిలుపు పిలుపులా ఉండదు.

కొత్తపాఠకుడు:
తంబుర గారూ మీరు అడిగారని మధ్యాహ్నం భోజనం మానేసి దాని మీదే కూర్చున్నా. నాకు కనిపించింది చెప్తా, తప్పైతే దిద్దండి. మొదటి రెండు పాదాల్లో పేరు ముందు, క్రియ తర్వాత. లావు... లేదు. ధైర్యము... అయ్యె. ప్రాణంబులు... తప్పెను. మూర్ఛ వచ్చె. తనువు డస్సె. మామూలుగా మనం చెప్పే వరసే. మూడో పాదం రెండో సగం దగ్గర తిరగబడింది, దీనుణ్ణి మన్నించు అనాల్సింది మన్నింపందగున్ దీనునిన్ అన్నాడు, క్రియ ముందుకొచ్చింది. అక్కణ్ణుంచి ఆఖరు దాకా ఇక అదే వరస. రావే ఈశ్వర, కావవే వరద, సంరక్షింపు భద్రాత్మకా. ముందు కావాల్సింది అడిగేసి తర్వాత పేరు పిలుస్తున్నాడు, మునిగిపోతున్నవాడు రా రా అని అరిచి తర్వాతే పేరు గుర్తుచేసుకున్నట్టు.

ఇంకా ఆ మూడు క్రియలూ లెక్కపెట్టా. రావే రెండక్షరాలు. కావవే మూడు. సంరక్షింపు నాలుగు. పైన ప్రాణం జారాక నాలుగుకి పడిపోయిన గొంతు ఇక్కడ మళ్ళీ ఒక్కో అక్షరం కూడగట్టుకుంటోంది.

తంబుర:
ఇప్పుడే తలుపేసుకుని పాడి చూశా. రావే చిన్నగా, కావవే కొంచెం పైకి, సంరక్షింపు ఇంకొంచెం. ఒకేసారి ఎత్తక్కర్లేదు. భద్రాత్మకా దగ్గర రాగం తియ్యలేదు, ఊరికే కా అని వదిలేశా.